సుమిమసెన్! కాస్త దారి చెబుతారా?



నేనీ ప్రసంగం వ్రాసుకుంటూంటే మావారు పక్కనుంచి చూసి, "దారి అడగడానికి కూడా ప్రసంగమా?" అని నవ్వారు. మా రాజమండ్రిలో అయితే అక్కర్లేదు, నిజమే. "బాబూ, కోటగుమ్మం ఎటు?" అంటే చాలు. నలుగురు ఆగి నాలుగు దారులు చెబుతారు. అయిదోవాడు "నేనూ అటే, ఎక్కండమ్మా" అని బండి ఆపుతాడు. పైగా ఈ రోజుల్లో చేతిలో ఫోనుంటే దారి అదే చెబుతుంది, మనుషుల్ని అడిగే అవసరమేమిటని పిల్లలంటారు. ఆ ఫోను చచ్చి ఊరుకున్న ఒక పూట సంగతి చెబుదామనే ఇలా వచ్చాను.

2019 జనవరిలో మా అమ్మాయి పురిటికని టోక్యో వెళ్ళాను. అల్లుడికి అక్కడ కంప్యూటర్ల ఉద్యోగం. మావారు మోకాళ్ళ నొప్పులతో రాలేనన్నారు. శొంఠి, వాము, వెల్లుల్లికారం, పాత చింతకాయ పచ్చడి మూటగట్టుకుని నేనొక్కదాన్నే బయల్దేరాను. వాళ్ళుండే పేట పేరు నిషికసయి. నిషి అంటే పడమర. 2000 సంవత్సరం ప్రాంతంలో, కంప్యూటర్లలో తేదీల అంకెలు తిరగబడిపోతాయని ప్రపంచమంతా హడావిడి పడిన రోజుల్లో, మన దేశం నుంచి వెళ్ళిన ఇంజనీర్లు చాలామంది ఆ పేటలో చేరారు. అక్కణ్ణించి పెద్దపెద్ద ఆఫీసులుండే ఒతెమచికి ఒకటే రైలు. ఆ లైను పేరు తోజయి, అంటే తూర్పుపడమర అనే అర్థం. కందిపప్పు దొరుకుతుంది, ఇడ్లీ దొరుకుతుంది, తెలుగు మాటా వినిపిస్తుంది. నాలుగు వీధులు దాటనంతవరకూ జపానుభాష రాకపోయినా రోజు గడిచిపోతుంది.

దాటాలి గదా మరి! మా అమ్మాయి ఆసుపత్రి ఆ లైనులోనే కొన్ని స్టేషన్ల అవతల ఉంది. అందుకని, విదేశీయులకి వారానికోసారి ఉచితంగా భాష నేర్పే తరగతి ఒకటి దగ్గర్లో ఉందంటే వెళ్ళి కూచున్నాను. నేర్పేది రిటైరైన పంతులమ్మ, నా ఈడుదే. ఆవిడకి ఇంగ్లీషు కొంచెం, నాకూ కొంచెం. మిగతాదంతా చేతులే. మొదటి పాఠం దారి అడగడం.

నిజం చెప్పొద్దూ, నేను భయపడుతూ వెళ్ళానుగాని, ఆ భాష నాకు పరాయిదిగా తోచలేదు. "ఎకి వ దొకొ దెస్ క" అని ఆవిడ బోర్డుమీద వ్రాసింది. ఎకి అంటే స్టేషను. దొకొ అంటే ఎక్కడ. చివర 'క' అన్నది ప్రశ్న గుర్తు. మనం 'వస్తారు' అన్నదాన్ని 'వస్తారా' అని చివర సాగదీస్తామే, ఆ పని అది చేస్తుంది. ఇక 'దెస్' అన్నది, ముక్కస్య ముక్క కాకపోయినా, పనిలో మన 'అండి'. అది తీసేసి వట్టి "దొకొ?" అంటే "ఏదీ?" అన్నట్టుంటుంది, ఇంట్లోవాళ్ళతోనే చెల్లుతుంది. మొత్తం కలిపితే "స్టేషను ఎక్కడండీ?" అన్న మాటే, మాటల వరస కూడా మారదు. గోదావరి జిల్లావాళ్ళకి 'అండి' పెట్టడం ఒకరు నేర్పాలా చెప్పండి!

పలకడం కూడా మనకి సులువు. ఎ, ఏ, ఒ, ఓ అని మనకి పొట్టీ పొడుగూ రెండూ ఉన్నాయి. వాళ్ళకీ ఉన్నాయి. ద్విత్వాలున్నాయి, తిన్నగా అనడానికి వాళ్ళు 'మస్సుగు' అంటారు. రెండు అనే మాట 'ఫుతత్సు'. అందులో చివరి అక్షరం మన చలి, చుట్టం అన్నప్పుడు నాలుక పళ్ళకి తగిలించి పలుకుతామే, ఆ 'చు'కి దగ్గరగా ఉంటుంది. నాతోపాటు కూచున్న వేరే దేశాల ఆడవాళ్ళు దానితో తంటాలు పడుతూంటే, నేను మొదటిసారే అనేశాను. పంతులమ్మ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లే నా కొంప ముంచాయనుకోండి.

ఇక అన్నిటికంటే ముందు నేర్పిన మాట 'సుమిమసెన్'. ఎవర్ని పలకరించాలన్నా ముందు అదే. 'క్షమించండి' అని అర్థం చెబుతారుగాని, అసలు మాట 'సుము' అనే క్రియలోంచి వచ్చింది. తీరడం, ముగియడం అని దానికర్థం. సుమిమసెన్ అంటే 'తీరలేదండి' అని. మీ సమయం తీసుకుంటున్నాను, ఆ బాకీ నాకు తీరేది కాదు, అన్న భావం అందులో వినిపిస్తుంది. దారి అడగబోయే మనిషి ముందుగా ఋణం ఒప్పుకుంటోందన్నమాట. హోటల్లో మనిషిని పిలవడానికీ అదే మాట, రైల్లో కాలు తొక్కినా అదే, ఎవరైనా చోటిచ్చి కూచోబెట్టినా అదే.

మనకి లేని ఇబ్బంది ఒకటి ఇక్కడుంది. మనం ఎవర్ని పిలిచినా వరస కలుపుతాం. బాబూ, అమ్మాయ్, అన్నయ్యగారూ, పిన్నిగారూ. వరస లేకుండా నోరు పెగలదు. అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్ళని అలా పిలవకపోవడమే మంచిది. 'మీరు' అనే మాటని కూడా చాలావరకు తప్పించేస్తారు. సుమిమసెన్ ఒక్కటే అన్నింటికీ వరస. ఈ సంగతి ఇంకా వంటబట్టకముందు, కూరల కొట్లో ఒకావిణ్ణి చక్కగా 'పిన్నిగారూ' అనే ఉద్దేశంతో పిలిచాను. పిన్ని, అత్త వరసకి మాట 'ఒబసన్'. నేను దీర్ఘం తీసి 'ఒబాసన్' అన్నాను. అంటే మామ్మగారు. ఆవిడకి యాభై కూడా ఉండవు. నవ్విందిగాని, ఆ నవ్వు ఎలా ఉందో ఆడవాళ్ళు మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్క దీర్ఘంతో ఇరవయ్యేళ్ళు మీద పడేశాను.

సరే, అమ్మాయికి సుఖంగా కాన్పయింది. ఆడపిల్ల. కాన్పయ్యాక అక్కడ అయిదారు రోజులు ఆసుపత్రిలోనే ఉంచుతారు. మొదటి రోజు అల్లుడు నన్ను తీసుకెళ్ళాడు. మర్నాడు అతనికి ఆఫీసులో తప్పని పని. "మీరు ఒక్కరూ వెళ్ళగలరా అత్తయ్యగారూ?" అని అడిగాడు. "ఆయ్, ఎందుకెళ్ళలేనూ" అన్నాను. ఫోన్లో దారి పెట్టి ఇచ్చాడు. ఎందుకైనా మంచిదని ఒక కాగితం మీద నాలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వ్రాశాడు, ఆసుపత్రి అనే మాటతో సహా. వాటిని నేను నా పుస్తకంలో తెలుగులోకి దించుకున్నాను. దించుకోవడంలోనే జరిగింది పొరపాటు.

చూడ్డానికి వచ్చేవాళ్ళని సాయంత్రం అయిదుదాకానే ఉండనిస్తారు. డాక్టరు సరేనన్నారు గనక, మెత్తగా వండిన అన్నం, చారు, వెల్లుల్లికారం డబ్బాలో పెట్టుకుని మూడు దాటాక బయల్దేరాను. పొద్దుటినుంచీ రాజమండ్రికీ హైదరాబాదుకీ పాప ఫోటోలు పంపిస్తూ, అందరితోనూ మాట్లాడుతూ ఉన్నానేమో, రైలు దిగేసరికి ఫోను నల్లబడిపోయింది. ఆ స్టేషను భూమి అడుగున ఉంది. పైకి రావడానికి నంబర్లు వేసిన దారులు చాలా ఉన్నాయి. నిన్న ఏ నంబర్లోంచి వచ్చామో గమనించలేదు. ఏదో ఒకటి ఎక్కేసి పైకొస్తే, నిన్న చూసిన వీధి కాదు. ఎముకలు కొరికే చలి. పచ్చరంగు పబ్లిక్ ఫోనొకటి కనిపించిందిగాని, అల్లుడి నంబరు నోటికి రాదు. ఆ నంబరు కూడా చచ్చిన ఫోనులోనే ఉంది!

భయం వేయలేదు, పాఠం వచ్చుగదా. ఒక పెద్దాయన కుక్కని తిప్పుతూ వస్తున్నాడు. సుమిమసెన్ అని వంగి, పుస్తకం చూసి, "బియోఇన్ వ దొకొ దెస్ క" అని అడిగాను. తప్పులేకుండా అడిగాననే అనుకున్నాను. ఆయన ఎంతో మర్యాదగా కుక్కని కూచోబెట్టి, చెయ్యి చాచి, గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. నేను వింటూ మా ఊరి అలవాటు చొప్పున "ఆయ్... ఆయ్" అంటున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన కథలకి ఊ కొట్టేవాళ్ళుండాలి చూశారూ, జపానువాళ్ళ మాటలకి కూడా అలాగే ఊ కొట్టాలి. దానికి 'అయిజుచి' అని పేరే ఉంది. వినేమనిషి మధ్యమధ్య 'హయి' అంటూ ఉండాలి. ఆ హయికి 'అవును' అనే అర్థం ఉన్నా, అలా వింటున్నప్పుడు మాత్రం 'వింటున్నానండి' అని మాత్రమే. మా గోదావరివాళ్ళ 'ఆయ్' కూడా సరిగ్గా అలాంటిదే. చెవికీ దాదాపు ఒకేలా ఉంటుంది. ఇన్ని వేల మైళ్ళ అవతల నా ఆయ్ చెల్లుబాటవుతోందని ముచ్చట పడ్డానుగాని, దాంతో వచ్చే చిక్కు గ్రహించలేదు. నేను ఆయ్ అన్నప్పుడల్లా ఆయన 'ఈవిడకి భాష బాగా వచ్చు' అనుకుని మరింత వేగంగా, మరింత వివరంగా చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో నాకు అందింది ఒక్క 'మస్సుగు'. అందుకని అరిగతో గొజయిమస్ అని ధన్యవాదం చెప్పి తిన్నగా నడిచాను. ఎంతవరకు తిన్నగా? అది నాకు తెలియదు.

రెండు సందులు దాటి, ఈసారి కాలేజీ పిల్లలా ఉన్న ఒకమ్మాయిని ఆపాను. అదే ప్రశ్న, అదే ఆయ్. ఆ పిల్ల నా మొహం చూసి ఏమనుకుందో, దారి చెప్పడం మానేసి తనే నా వెంట నడిచింది. అయిదు నిమిషాలు నడిపించి, ఒక అద్దాల తలుపు ముందు నిలబెట్టి, వంగి నమస్కారం చేసి వెళ్ళిపోయింది. పాపం తన పని మానుకుని వచ్చిందిగదా అని నేను ఇంకా ఎక్కువ వంగాను. లోపలికెళ్ళాను. వెచ్చగా ఉంది, మంచి వాసన. తెల్లకోటు వేసుకున్న ఒకావిడ ఎదురొచ్చి, "యొయకు" అని ఏదో అడిగింది. ఆ మాట నాకు తెలుసు. ముందుగా సమయం ఖాయం చేసుకోవడం. డాక్టరు దగ్గర అదేగదా అడిగేది! "ఆయ్" అన్నాను. ఆవిడ కొంచెం తికమకపడి ఏదో పుస్తకం తిరగేసి, పోనీలే అన్నట్టు నన్ను కుర్చీలో కూచోబెట్టింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. వెనకనుంచి మెడ చుట్టూ ఒక గుడ్డ కప్పింది. ఎదురుగా నిలువుటద్దం. పక్క కుర్చీలో ఒకావిడ తలనిండా వెండికాగితాలు!

అప్పటికి తెలిసింది, అది ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే పార్లరని.

ఆసుపత్రికి మాట 'బ్యోఇన్'. పార్లరుకి మాట 'బియోఇన్'. తేడా ఒక్క యవత్తు. ఇంగ్లీషు అక్షరాలు చూసి నేను బియో అని వ్రాసుకున్నాను. బకి యవత్తిచ్చి ఓత్వమిస్తే సరిపోయేది. చక్కగా ఆ తేడా చూపించే లిపి మన చేతిలో ఉండగా, మధ్యలో ఇంకో లిపిలోంచి దించుకోవడం వల్ల వచ్చిన తిప్పలు. నా తర్వాత భాష నేర్చుకునేవాళ్ళకి చెప్పే మొదటిమాట ఇదే. చెవితో విని, తిన్నగా తెలుగులో వ్రాసుకోండి.

గోడ గడియారం నాలుగూ పాతిక. నాకు ఏడుపొచ్చేసింది. అవతల పచ్చి బాలింత, మొదటి కాన్పు, నేనెక్కడున్నానో దానికి తెలియదు. ఫోను చేస్తే పలకదు. మెడలో గుడ్డ లాగేసి, నోటికొచ్చిన రెండు మాటలూ అన్నాను. "ముసుమె... అకచన్." కూతురు, పసిపాప. డబ్బా చూపించాను. చేతుల్లో పాపని ఊపుతున్నట్టు ఊపాను. ఆవిడ "ఆ! బ్యోఇన్!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చిందిగాని నా మొహం చూసి మింగేసింది. కత్తెర పక్కన పెట్టి, ఆ చలిలో పైకోటైనా లేకుండా వీధిలోకొచ్చి, మూలమీద ఎర్రదీపం వెలుగుతున్న ఒక చిన్న గది చూపించింది. "కోబన్" అంది.

కోబన్ అంటే చిన్న పోలీసు ఠాణా. మన పోలీసుస్టేషను లాంటిది కాదండోయ్, ఒక గది, ఒక బల్ల, గోడకి ఆ పేట పటం. మెయిజీ చక్రవర్తి కాలంనుంచీ ఉన్న ఏర్పాటు ఇది. అందులో ఉండే పోలీసుని జనం 'ఒమవరిసన్' అంటారు. తిరుగుతూ ఉండే ఆయన అని. వాళ్ళు చేసే పనుల్లో ఒకటి దారి చెప్పడం. ఎందుకంటే ఆ దేశంలో చిరునామా పట్టుకుని ఇల్లు వెతకడం అక్కడి వాళ్ళకే కష్టం. క్యోతో లాంటిచోట తప్ప వీధులకి చాలావాటికి పేర్లే ఉండవు. పేటని భాగాలు చేసి, భాగాన్ని మళ్ళీ ముక్కలు చేసి, ఆ ముక్కకి నంబరు, ముక్కలో ఇంటికి నంబరు. మునుపు అనేకచోట్ల ఇంటి నంబర్లు వరసలో కూడా ఉండేవి కావు. 1962లో చట్టం చేసి వాటిని చాలావరకు వరసకి తెచ్చారు. అయినా వీధి పేరు చెప్పుకునే అలవాటు లేదు. మనకి రావిచెట్టు పక్క సందు ఎలాగో, వాళ్ళకి ఫలానా సిగ్నలు, ఫలానా కొట్టు, ఫలానా బాంకు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. కాకపోతే చెట్టుకీ సిగ్నలుకీ వాళ్ళ మాటలు రావాలి.

ఈసారి పుస్తకం మూసేశాను. "సుమిమసెన్. బ్యోఇన్" అన్నాను, యవత్తు నొక్కిపెట్టి. ఆ అబ్బాయి, మా చిన్నవాడి వయసుంటుంది, లేచి నుంచుని పటం మీద వేలు పెట్టి చెప్పడం మొదలెట్టాడు. నాకు ఆయ్ అనబోయి నోటిదాకా వచ్చింది. బలవంతాన ఆపుకున్నాను. "వకరిమసెన్" అన్నాను. అర్థం కాలేదండి.

ఆ మాట అనడం ఎంత కష్టమో మీకెలా చెప్పను? అరవై రెండేళ్ళదాన్ని. పెళ్ళయిన నాటినుంచీ ఇంట్లో, వీధిలో, బాంకులో, ఆసుపత్రిలో అర్థమైనా కాకపోయినా తల ఊపడమే మర్యాద అనుకుంటూ బతికినదాన్ని. ఎదటిమనిషి అంత శ్రద్ధగా చెబుతుంటే కాలేదంటే ఆయన్ని చిన్నబుచ్చినట్టవుతుందని ఒక భయం, నేను తెలివితక్కువదాన్నని తేలిపోతుందని ఇంకో భయం. ఆ పిల్లవాడు మాత్రం ఏమీ చిన్నబోలేదు. "ఆ" అని తలూపి, కుర్చీ లాగి నన్ను కూచోబెట్టి, తెల్లకాగితం తీసి బొమ్మ గీశాడు. ఒక గీత, రెండు సిగ్నళ్ళు, ఒక మలుపు, చివర ఆసుపత్రి. దాని పక్కన ఆసుపత్రి అనే మాట వాళ్ళ లిపిలో పెద్దగా వ్రాశాడు. నాలుగూ నలభై అయిదుకి నేను అమ్మాయి మంచం దగ్గరున్నాను. "ఎక్కడికెళ్ళిపోయావే అమ్మా" అని అది వెక్కివెక్కి ఏడ్చింది. నేను అన్నం కలిపి నాలుగు ముద్దలు పెట్టాను. పార్లరు సంగతి ఆ రోజు చెప్పలేదు, కుట్లు నొప్పిపుడతాయని. ఇంటికొచ్చాక చెబితే పొట్టపట్టుకుని నవ్వింది.

తర్వాతి వారం తరగతికెళ్ళి పంతులమ్మతో జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కాసేపు ఊరుకుని, "తప్పు నాది. ప్రశ్న నేర్పాను, జవాబు నేర్పలేదు" అంది. ఆ రోజంతా జవాబులే. నేను పటం ముందు నుంచుని వినాలి, ఆవిడ చెప్పిన దారిలో వేలు నడిపించాలి.

ఆ మాటలు మీకూ చెబుతాను. మస్సుగు అంటే తిన్నగా. మిగి అంటే కుడి, హిదరి అంటే ఎడమ. ఈ రెండూ నాకు ఎంతకీ నిలవలేదు. చివరికి గోదావరే గట్టెక్కించింది. రాజమండ్రి ఉన్నది గోదావరి ఎడమ గట్టున, నీరు పారేవైపు తిరిగి నుంచుంటే. అవతల కొవ్వూరు కుడి గట్టు. కాబట్టి మా ఊరివాళ్ళకి 'ఈ దరి' అంటే ఎడమ. హిదరి! ఇక మిగిలింది మిగి. కొవ్వూరువాళ్ళు వేరే ఉపాయం చూసుకోవాలి మరి. షింగో అంటే సిగ్నలు, కదొ అంటే వీధి మూల, హషి అంటే వంతెన. ఫుతత్సు అంటే రెండు, దానికి 'మె' చేరిస్తే రెండోది, ఫుతత్సుమె.

ఆ రోజు కుక్కతో వచ్చిన పెద్దాయన అన్నది బహుశా ఇలాంటి మాటే అయివుంటుంది. "కొనొ మిచి ఒ మస్సుగు ఇత్తె, ఫుతత్సుమె నొ షింగో ఒ హిదరి ని మగత్తె కుదసయి." ఇప్పుడు వరసగా తెలుగు మాటలు పెట్టండి. ఈ, దారి, ని, తిన్నగా, వెళ్ళి, రెండో, సిగ్నలు, ని, ఎడమ, కి, తిరగండి. ఒక్క మాటైనా చోటు మారిందా? 'ఇత్తె' అన్నది సరిగ్గా మన 'వెళ్ళి'. వెళ్ళి, తిరిగి, దాటి, దిగి అని మనం ఎంత పొడుగు వాక్యమైనా గొలుసు కట్టుకుంటూ పోతామే, వాళ్ళూ అంతే. చివరి మాటదాకా ఓపిక పట్టి వినాలి. మనకి ఆ ఓపిక పుట్టుకతో ఉంది.

దారి చెప్పండి అనడానికి వాళ్ళు వాడే క్రియ కూడా చూడండి. 'ఒషియెరు'. పాఠం నేర్పడానికీ అదే మాట, దారి చెప్పడానికీ అదే. "మిచి ఒ ఒషియెతె ఇతదకెమసెన్ క" అంటే, 'దారి నేర్పి పుణ్యం కట్టుకోరా' అన్నంత మర్యాద. అది నోరు తిరక్కపోతే చిన్న ఉపాయం ఒకటుంది. "బ్యోఇన్ ఎ ఇకితయిన్ దెస్ గ..." అని ఆపేయడమే. ఆసుపత్రికి వెళ్దామనుకుంటున్నానండి, మరీ... అని మనం కూడా సగంలో వదిలేస్తాం చూశారూ, అదే. అడగవలసింది అడగకుండా వదిలేస్తే, అవతలివాళ్ళే అందుకుని చెబుతారు. అప్పు అడగడానికెళ్ళినవాళ్ళ మాటల్లా ఉంటాయివి.

మరి అర్థం కానప్పుడు? వకరిమసెన్ చెప్పాను. దాని వెంట, "మో ఇచిదొ, యుక్కురి, ఒనెగయి షిమస్." ఇంకొక్కసారి, నెమ్మదిగా, దయచేసి. అప్పటికీ కాకపోతే, "చిజు ఒ కయితె కుదసయి." పటం గీసిపెట్టండి. అన్నీ అయి నిజంగా అర్థమైతే అప్పుడు "వకరిమషిత". ఈ మాట అబద్ధం ఆడకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను. ధన్యవాదంలో కూడా ఒక తేడా ఉంది. సాయం జరుగుతూండగా అరిగతో గొజయిమస్, జరిగిపోయాక గొజయిమషిత. అరిగతో అన్న మాటకి మూలంలో దొరకడం కష్టం, దుర్లభం అన్న అర్థం ఉందట.

పాపకి ఇరవై ఒకటో రోజు వెళ్ళాక, ఒక మధ్యాహ్నం సున్నుండలు చిన్న డబ్బాలో పెట్టుకుని ఆ పార్లరుకి వెళ్ళాను. పోలీసు అబ్బాయి గీసిన కాగితం ఉందిగా, దాన్ని వెనకనుంచి చదువుకుంటూ వెళ్ళాను. తలుపు తీయగానే ఆవిడ గుర్తుపట్టింది. "అకచన్ వ?" అంది. పాప ఎలా ఉందని. ఫోన్లో ఫోటో చూపించాను. ఆ రోజు ఛార్జింగు నిండుగా ఉంది. "అరిగతో గొజయిమషిత" అని సున్నుండలిచ్చాను. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరికీ ఆవిడ మొత్తం కథ చేతులు తిప్పుతూ చెప్పింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ కథలో నా పేరేమిటో తెలుసా? "బ్యోఇన్ నొ ఒబసన్." ఆసుపత్రి పిన్నిగారు. మనవరాలు పుట్టినదాన్ని, న్యాయంగా నాకు దీర్ఘం పెట్టి మామ్మగారని అనాలి. ఆవిడ ఎంత మర్యాదస్తురాలో, ఆ దీర్ఘం తీసేసింది.